గోడ దాటి వచ్చిన స్పీకర్లు

నాకు స్పీకర్లు బాగుచెయ్యడం వచ్చని నేను నమ్మడానికి ఒక ఆధారం ఉంది. విజయవాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, పాత కారులోంచి ఊడదీసిన స్పీకరు ఒకటి మా హాస్టలు గదికి వచ్చింది. దాన్ని మంచినీళ్ల కుండ మూతి మీద బోర్లించి పాటలు పెట్టాం. కుండలోంచి వచ్చిన ఆ ధుమ్‌ధుమ్మనే మోత వినడానికి పక్క గదులవాళ్లు వరసకట్టి వచ్చారు. నిజానికి స్పీకరు తెచ్చినవాడూ, తీగలు కలిపినవాడూ నా రూమ్మేటు. నేను చేసిందల్లా కుండ దొర్లిపోకుండా పట్టుకోవడం. అయితే డబ్లిన్ వచ్చి స్థిరపడ్డాక ఆ జ్ఞాపకంలోంచి రూమ్మేటు మెల్లిగా జారిపోయాడు. కుండా, నేనూ మిగిలాం.

మా ఇల్లు లూకన్‌లో. ఆఫీసు ఊరికి పూర్తిగా రెండో కొసన, చెర్రీవుడ్‌లో. కంపెనీలు మనుషుల్ని తట్టలతో ఎత్తుకున్నట్టు ఉద్యోగాల్లోకి తీసుకుంటున్న కాలమది. వారం సెలవు పెట్టి తిరిగొస్తే నా కుర్చీలో ఎవరో కొత్త మనిషి కూర్చుని ఉండి, "మీరు కొత్తగా చేరారా?" అని నన్నే అడిగేవాడు. నా పని ఏమిటంటే, ఒక ప్రోగ్రాము బతికే ఉందా లేదా అని కనిపెట్టి ఇంకో ప్రోగ్రాముకు చెప్పే ప్రోగ్రాము రాయడం. మీ నాన్న ఏం చేస్తాడని బడిలో అడిగితే మా అమ్మాయి "మీటింగులకు వెళ్తాడు" అని చెప్పిందట. అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను.

మా ఆవిడ ప్రభుత్వ ఆస్పత్రిలో మత్తు డాక్టరు. మనుషుల్ని నిద్రపుచ్చడం ఆమె ఉద్యోగం. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఆమెకు కావలసిందీ ఆ నిద్రే. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, జరిగినదంతా విన్నాక ఆమెను గయ్యాళి అనుకోకూడదు.

ఒక శనివారం ఆమె మందుల షాపులో ఏదో కొంటుండగా వాన మొదలైంది. పక్కనే ఛారిటీ షాపు. జనం అక్కర్లేని వస్తువులు ఇచ్చిపోతే, అవి అమ్మి వచ్చిన దాన్ని మంచి పనులకు ఖర్చుపెట్టే దుకాణం. తడవకుండా ఉండటానికి లోపలికి దూరాను. పిల్లల తోపుడు బండికీ, గోల్ఫు కర్రల సంచికీ మధ్య అవి కనిపించాయి: మోకాలెత్తు చెక్క పెట్టెలు రెండు, ముందు గోధుమరంగు గుడ్డ. ఒకదాని నెత్తిమీద ఎవరో తడి పూలకుండీ పెట్టగా పడ్డ తెల్లటి గుండ్రటి మచ్చ.

"ఇవి పని చేస్తాయా?" అని కౌంటరు దగ్గరున్న పెద్దావిణ్ణి అడిగాను.

"గ్రాండ్‌గా ఉంటాయి" అంది.

ఐర్లండ్‌లో గ్రాండ్ అంటే గొప్పగా అని కాదు. ఏదో, ఫరవాలేదు అని. వచ్చిన కొత్తలో ఇంటి ఏజెంటు ఆ మాట అంటే నమ్మి, పైకప్పు కారే ఇల్లు ఏడాది లీజుకు తీసుకున్నవాణ్ణి. అయినా బుద్ధి రాలేదు. ఆ మూలనే పడున్న పాత ఆంప్లిఫయరును కూడా కలుపుకుని మూడింటినీ కారెక్కించాను.

మా ఆవిడ గొడుగు ముడుస్తూ వెనక సీటు వైపు చూసింది. "ఏమిటండీ ఇవి?"

"స్పీకర్లు."

"పాటలు వినడానికి మీ ఆఫీసువాళ్లు క్రిస్మస్‌కి ఇచ్చింది ఉందిగా, అరచేతిలో పడుతుంది."

"అది స్పీకరా! డబ్బా."

"మరి ఇవి?"

నేను జవాబు వెతుక్కునేలోగా "పెట్టెలు" అని తనే చెప్పి సీటు బెల్టు పెట్టుకుంది.

ఇంటికొచ్చి ముందున్న గుడ్డ ఊడదీశాను. స్పీకరులో అట్టతో చేసిన గరాటు ఒకటి ఉంటుంది. అది ముందుకూ వెనక్కూ కదిలితేనే చప్పుడు. గరాటు అంచును చట్రానికి పట్టి ఉంచేది మెత్తటి ఫోమ్ రింగు. నా స్పీకర్లలో ఆ రింగు మాడిన అప్పడంలా ఉంది. వేలు తగలగానే నల్లటి పొడి రాలి డైనింగ్ టేబులు మీద పడింది. తుడిస్తే జిగురై అంటుకుంది. అలాగే పాట పెట్టి చూశాను. గాయకుడికి పడిశం పట్టి, రేకు బిందెలో తలపెట్టి పాడుతున్నట్టు వచ్చింది.

కొత్త రింగులు, జిగురు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎలా అంటించాలో చూపించే వీడియో కూడా దొరికింది. అందులో మనిషి ప్రతి మెట్టు దగ్గరా "ఇది చాలా సులువు" అనేవాడు. నేను ప్రతి మెట్టు దగ్గరా ఆపి వెనక్కి తిప్పేవాణ్ణి. పాత జిగురు గీకుతుంటే మా ఆవిడ వచ్చి వెనకాల నిలబడింది.

"పేషెంటు బతుకుతాడా?"

"నువ్వు మాట్లాడకు, చెయ్యి వణుకుతుంది."

"చేతులు కడుక్కున్నారా ఆపరేషను ముందు?" అని వెళ్లిపోయింది.

మొదటిసారి అంటించినప్పుడు గరాటు ఒక వెంట్రుకవాసి పక్కకు పోయింది. ఆరిన తర్వాత మోగిస్తే ప్రతి స్వరం చివరా బర్రుమని చాప చింపుతున్న చప్పుడు. ఊడగొట్టి మళ్లీ అంటించాను. ఈసారి బర్రు లేదు. ఆ సంతోషంలో నేను ఆగి ఉండాల్సింది. ఆగకుండా ప్రారంభోత్సవం పెట్టాను.

భోజనానికి రెండు కుటుంబాలను పిలిచాను. ఒకాయన డండాక్ నుంచి భార్యాపిల్లలతో వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, డండాక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాడు. ఆయన మెచ్చుకుంటే అది సర్టిఫికెట్టు కిందే లెక్క. స్పీకర్లకు కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరినీ సోఫాలో వరసగా కూర్చోబెట్టి, మా నాన్నకు ఇష్టమైన పాత పాట ఒకటి పెట్టాను. జనం తలలు ఊపారు. డండాక్ ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"మస్తున్నదన్నా" అన్నాడు కళ్లు తెరిచి. "పాట ఒక్క తాన నిలుస్తలేదు సూడు, రూమంతా తిరుగుతున్నది. ఒరిజినల్ సౌండంటే గిట్లనే ఉంటది."

నేను వినయంగా నేల చూపులు చూశాను. అప్పుడు మా అమ్మాయి, అతిథులకు మంచినీళ్లు అందిస్తూ, తన లూకన్ యాసలో అంది: "డాడీ, హీ సౌండ్స్ లైక్ హీ ఈజ్ సింగింగ్ ఇన్ ద ప్రెస్."

ఇక్కడ ప్రెస్ అంటే వంటింటి అల్మారా. గాయకుడు అల్మారాలో కూర్చుని పాడుతున్నట్టుందని పిల్ల అభిప్రాయం. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అన్నాను. దానికి బడిలో ఫ్లూటు నేర్పుతున్నారనీ, నాకు ఎవరూ ఏదీ నేర్పలేదనీ ఆ క్షణంలో గుర్తులేదు.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ గిన్నెలు సర్దుతూ అడిగింది. "ఆ పాటలో తబలా ఉండాలిగా. ఏదీ?"

"పాత రికార్డింగు కదా. అప్పట్లో తబలా తక్కువ వాడేవాళ్లు."

"మా అమ్మమ్మ రేడియోలో కూడా వినపడేది."

నేను ఒప్పుకోలేదు. ఆ వారమంతా ఒప్పుకోలేదు. చివరికి ఆమె డ్యూటీలో ఉన్న ఒక మధ్యాహ్నం, ఇంటి నుంచి పనిచేస్తున్నానని ఆఫీసుకు చెప్పి, పెట్టెలు రెండూ విప్పాను. ఒకదాంట్లో ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది. అలా తారుమారైతే ఒక గరాటు ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంది. మోత అంతా ఆ రెండింటి మధ్యనే కరిగిపోతుంది. మిగిలిన సన్నని గొంతు దిక్కు తెలియక గది అంతా తిరుగుతుంది. ఎలక్ట్రానిక్స్ ఆయన కళ్లు మూసుకుని మెచ్చుకున్నది దాన్నే.

తీగలు మార్చి, ఆంప్లిఫయరు మీట కాస్త పైకి తిప్పాను. తబలా వచ్చింది. వచ్చిందంటే మామూలుగా కాదు, చెప్పులు విడవకుండా లోపలికి వచ్చేసింది. ప్రెస్‌లో పోపుల డబ్బాలు గణగణలాడాయి. నేను గది మధ్యలో నిలబడి గాల్లో తబలా వాయించడం మొదలుపెట్టాను. ఆ భంగిమలో ఉండగా తలుపు తట్టారు.

మా ఇల్లూ పక్కిల్లూ ఒకే గోడకు అటూ ఇటూ కట్టినవి. ఆ ఇంట్లో బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన భార్య. పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు. ఆయనతో నా పరిచయమంతా వాతావరణం గురించే. వాన వస్తే వాన వస్తోందని, రాకపోతే వస్తుందని చెప్పుకునేవాళ్లం. ఆ మధ్య తుంటి ఎముకకు ఆపరేషను చేయించుకుని చేతికర్రతో నడుస్తున్నాడు. గుమ్మంలో ఆయనే ఉన్నాడు. గోల గురించి తిట్టడానికి వచ్చాడనుకుని నేనే ముందు క్షమాపణ చెప్పాను.

ఆయన నా మాట వినిపించుకోలేదు. నా భుజం మీదుగా లోపలికి చూశాడు. "ఒక్క నిమిషం, ఏమీ అనుకోకు" అంటూ చేతికర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వచ్చాడు. స్పీకరు ముందు నిలబడి, దాని నెత్తిమీది తెల్ల మచ్చ చుట్టూ వేలు తిప్పాడు.

"ఇవి నావి" అన్నాడు.

"మీవా?"

"మా షెడ్డులో ఉండేవి. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు దొంగలు పడి ఎత్తుకుపోయారు."

నా అవతారం ఒకసారి నేనే చూసుకున్నాను. కాళ్లకు మేజోళ్లు, వేళ్లకు నల్లటి జిగురు, చేతిలో స్క్రూడ్రైవరు. దొంగ వేషం వెయ్యమంటే ఇంతకంటే బాగా నాకు కుదిరేది కాదు.

"గార్డ్స్‌కి చెప్పారా?" అని అడిగాను. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు. అడిగాక, దొంగ కూడా మొదట ఇదే అడుగుతాడు కదా అనిపించింది.

"మా ఆవిడ ఫోన్ చేసిందట. ఇలాంటి చిన్నచిన్న వాటికి వాళ్లకు తీరిక లేదన్నారట."

"నేను వీటిని ఛారిటీ షాపులో కొన్నానండీ. ఒట్టు. మందుల షాపు పక్కన ఉంటుందే, అక్కడ."

ఆయన మొహం విచ్చుకుంది. "చూశావా, దొంగలైనా ఎంత మంచివాళ్లో. తీసుకెళ్లి దానం చేశారు." అని, ఇంకేదో అనబోయి ఆగాడు. "మందుల షాపు పక్కదా? మంగళవారాలు మా ఆవిడ అక్కడే పనిచేస్తుంది. ఉచిత సేవ."

తబలా ఇంకా వాయిస్తూనే ఉంది. నేను వెళ్లి దాన్ని ఆపాను.

సరిగ్గా అప్పుడే, టీ చల్లారిపోతోందని పిలవడానికి వచ్చిన పక్కింటావిడ మా తెరిచిన తలుపు దగ్గర నిలబడింది. ముందు స్పీకర్లను చూసింది, తర్వాత భర్తను చూసింది, తర్వాత నన్ను చూసింది. అందరిలోకీ తప్పు నాదేనని తేల్చుకున్నట్టుంది.

"ఈ దేశంలో ఇన్ని ఇళ్లుండగా," అంది నాతో, "వీటిని పెట్టుకోవడానికి నీకు ఈ గోడే దొరికిందా?"

"దొంగలన్నావు కదా?" అన్నాడు ఆయన.

"అన్నాను. నేనే ఇచ్చాను." ఆవిడ ఏమాత్రం తడబడలేదు. "చచ్చి ఎన్నేళ్లో అయింది అవి. ఏటా బాగుచేస్తానంటావు, ఏటా షెడ్డులో నా పూలకుండీలకు చోటు లేదు. బతికున్న రోజుల్లో మాత్రం ఏం సుఖపడ్డాను? పెళ్లైన నాటి నుంచీ నా వంటింట్లో బాకాలు మోగుతూనే ఉన్నాయి."

పెద్దాయనకు ఇత్తడి బాకాల బ్యాండు సంగీతమంటే ప్రాణం. మన పెళ్లిళ్ల బ్యాండు మేళానికి దొరల దుస్తులు తొడిగి, నోట్సు చూసి వాయించమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మేము ఈ ఇంటికి వచ్చేసరికే అవి మూగబోవడంతో నాకు ఆ కాలం తప్పిపోయింది.

"మరి దొంగలని ఎందుకు చెప్పడం?" ఆయన గొంతు కొంచెం చిన్నబోయింది.

"నేనే ఇచ్చానంటే నా మీద అలిగి కూర్చుంటావు. నడక ప్రాక్టీసు చెయ్యవు. దొంగల మీద కోపమైతే దానికి ఎవరి టీ మానేస్తావు?"

ఆయన చేతికర్ర పుచ్చుకుని బయలుదేరాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకోలేదు గానీ, పట్టుకోమని చాపనూ లేదు. వాళ్ల తలుపు మూసుకున్న చప్పుడు గోడలోంచి వినిపించింది. తర్వాత ఇంకేమీ వినిపించలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ ఇంట్లోంచి రోజూ లీలగా ఇద్దరి మాటలు వినపడుతుండేవి. ఇప్పుడు కప్పులు కడుగుతున్న చప్పుడు తప్ప ఏదీ లేదు.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చాక జరిగింది చెప్పాను. ఆమె మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వడం అయ్యాక అంది: "ముసలివాళ్ల సంసారంలో చిచ్చు పెట్టారు."

"నువ్వు తబలా ఏదీ అని అడక్కపోతే నేను తీగలు మార్చేవాణ్ణి కాదు. ఆయనకు వినపడేదీ కాదు."

"ఓహో, తప్పు నాదా?"

"తబలాది" అన్నాను.

మర్నాడు పాపపరిహారం చేసుకుందామని ఒక పెట్టెను గుండెలకు హత్తుకుని పక్కింటి తలుపు కొట్టాను. ఆవిడ తీసింది. నేను నోరు తెరిచేలోపే, గడప మీద అడ్డంగా నిలబడి, మెల్లిగా, నవ్వుతూనే చెప్పింది: "ఆ పెట్టె ఈ గడప దాటిందంటే, మీ పార్శిళ్లు ఇక నేను తీసుకోను."

ఆ రోజుల్లో మా ఇంటికి బియ్యం, చింతపండు, పిల్ల బూట్లు, చివరికి స్పీకరు రింగులు కూడా పార్శిళ్లలోనే వచ్చేవి. మేమిద్దరం ఇంట్లో లేనప్పుడు అవన్నీ తీసుకుని ఉంచేది ఆవిడే. నేను పెట్టెతో సహా వెనక్కి తిరిగాను. వాన మొదలైంది. నా కోటు విప్పి పెట్టెకు కప్పాను. అది కిటికీలోంచి మా ఆవిడ చూసింది. ఆ కోటు తను నా పుట్టినరోజుకు కొన్నదట. ఆ సంగతి తర్వాత చాలాసార్లు వినవలసి వచ్చింది.

తర్వాతి శనివారం మధ్యాహ్నం పెద్దాయనే వచ్చాడు. చంకలో ప్లాస్టిక్ సంచి, సంచి నిండా సీడీలు.

"మాట్లాడుకుంటున్నారా మీరిద్దరూ?" అని అడిగాను.

"ఆఁ, అన్నీ మాట్లాడుకుంటున్నాం. స్పీకర్ల గురించి తప్ప." ఆయన సోఫాలో నెమ్మదిగా దిగబడ్డాడు. "ఒక్క పాట వినొచ్చా?"

మూలనున్న డీవీడీ ప్లేయరు తెచ్చి తగిలించాను. బాకాలు మొదలయ్యాయి. ఆయన కొద్దిసేపు విని, మొహం చిట్లించి, "నా దగ్గర ఉన్నప్పుడు ఇలా ఉండేవి కావే. ఇంత దిట్టంగా ఉండేవి కావు" అన్నాడు.

ఎర్ర తీగ, నల్ల తీగ సంగతి చెప్పాను. ఆయన సీడీ అట్టను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఎర్రది ఏదో నల్లది ఏదో అంత ముఖ్యమా?" అన్నాడు.

పెళ్లైన కొత్తలో ఒకసారి వాటిని విప్పి ఆయనే ఏదో బాగుచేశాడట. అప్పటి నుంచి మోత సరిపోవడం లేదనిపించి మీట పెంచుకుంటూ పోయాడట. ఆయన మీట పెంచినకొద్దీ ఆవిడకు వంటింట్లో తలనొప్పి పెరిగింది. అంటే ఆ ఇంటి గొడవంతా రెండు తీగల వల్లే కావచ్చు. లేదా, ఆ తీగల్ని తారుమారు చేసింది నేనే అయినా కావచ్చు, ఎందుకంటే నేనూ అన్నీ ఊడదీసి బిగించినవాణ్ణే. ఇద్దరం చాలాసేపు తర్కించి, చివరికి తయారుచేసిన కంపెనీదే తప్పని పెద్దమనుషుల్లా తీర్మానించాం. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనీ అనుకున్నాం.

ఇక ప్రతి శనివారం ఆయన రావడం మొదలైంది. నా సోఫా, నా స్పీకర్లు, ఆయన బాకాలు. మధ్యలో ఒక తెలుగు పాట పెడితే మర్యాదగా వినేవాడు, అయిపోగానే "గ్రాండ్" అని తన సీడీ అందించేవాడు. పైన గదిలో మా ఆవిడ రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉండేది. ఉండేదంటే, పడుకోవాలని ప్రయత్నిస్తూ ఉండేది. ఒక శనివారం ఆమె జుట్టు ముడేసుకుంటూ మెట్లు దిగి వచ్చింది. పెద్దాయనకు చక్కగా నమస్కారం చేసి, నాతో తెలుగులో అంది.

"నేను మత్తిచ్చి పడుకోబెట్టిన పేషెంటు కూడా ఈ బాకాలకు లేచి కూర్చుంటాడు. తెలుస్తోందా మీకు?"

"మీ ఆవిడ ఏమంటోంది?" అని అడిగాడు ఆయన.

"బాగుందంటోంది."

మర్నాడు ఆడవాళ్లిద్దరూ పెరటి కంచె దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. బట్టలు ఆరేస్తున్నట్టు కనిపించారు గానీ, అక్కడ జరిగింది పంచాయితీ. తీర్పు మాకు మధ్యాహ్నానికి తెలిసింది. స్పీకర్లు ఆ ఇంట్లోకి రాకూడదు, ఈ ఇంట్లో ఉండకూడదు. మా పెరటి చివర ఉన్న షెడ్డులో పెట్టుకోవచ్చు. మనుషులతో సహా.

ఆ షెడ్డులో గడ్డికోసే యంత్రం, తుప్పుపట్టిన సైకిలు, సగం సగం వాడిన రంగు డబ్బాలు ఉండేవి. వాటిని ఒక పక్కకు నెట్టాం. ఇంట్లోంచి పొడుగాటి వైరు లాగాం. మోత బయటికి పోకుండా ఆయన పాత తివాచీ ఒకటి తెచ్చాడు. నేను మా అత్తగారు కుట్టిన బొంత తెచ్చి గోడకు మేకులు కొట్టాను. ఆ మేకుల సంగతి మా అత్తగారికి ఇప్పటికీ తెలియదు. మడత కుర్చీలు రెండు వేసుకుని, కోట్లు, టోపీలు, మఫ్లర్లు తొడుక్కుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చునేవాళ్లం. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చేది.

అక్కడే మేము వాతావరణం దాటి వేరే విషయాలు మాట్లాడుకున్నాం. బ్యాంకులో యంత్రాలు వచ్చిన కొత్తలో, వాటికి పోటీగా నోట్లు లెక్కపెట్టి గెలిచిన కథ ఆయన చెప్పాడు. ఒక్కో శనివారం ఒక్కోలా చెప్పేవాడు. ఆస్పత్రిలో ఒంటరిగా పడుకున్నప్పుడు, ఇంటికెళ్లాక ఈ స్పీకర్లు తప్పకుండా బాగుచెయ్యాలని మనసులో అనుకునేవాణ్ణనీ, వచ్చేసరికి అవి లేకపోయేసరికి, వస్తువుల కోసం ఏడ్చే వయసు కాదు కదా అని ఊరుకున్నాననీ ఒకసారి చెప్పాడు. నేను ఆయన కప్పులో మళ్లీ టీ పోశాను. ఆఫీసులో నువ్వు చేసే పనేమిటి, వివరంగా చెప్పు అని ఇంకోసారి అడిగాడు. వివరంగా చెప్పాను. తలెత్తి చూసేసరికి ఆయన నిద్రపోతున్నాడు. మా ఇంట్లో మత్తు డాక్టరు ఒక్కరే కాదని అప్పుడు తెలిసింది.

ఆ సమయాల్లో పక్కింటావిడ మా వంటింటికి రావడం మొదలుపెట్టింది. షెడ్డు కిటికీలోంచి వంటింటి కిటికీ కనిపించేది. మా ఆవిడ ఆవిడకు ఉప్మా తిప్పడం నేర్పేది, ఆవిడ మా అమ్మాయికి స్కోన్లనే ఇక్కడి తియ్యటి బన్నులు చేయడం నేర్పేది. ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుకునేవాళ్లు. మధ్యమధ్యలో షెడ్డు వైపు చూసేవాళ్లు కాబట్టి, దేని గురించి నవ్వుతున్నారో మాకు ఊహించుకునే శ్రమ లేకపోయింది. చలికి గడ్డకట్టి మేమక్కడ, వెచ్చగా, ప్రశాంతంగా వాళ్లక్కడ. ఇదంతా ఎవరి సుఖం కోసం బాగుచేశానో ఆ కిటికీలోంచి స్పష్టంగా కనిపించేది.

చలికాలం చివరికి ఒక స్పీకరు గొంతు బొంగురుపోయింది. ఇక్కడి చెమ్మకు అట్ట గరాటు ఉబ్బింది. బాగుచేద్దామన్నాను. వద్దు, ఉండనీ అన్నాడు ఆయన. అనుభవం ఉన్నవాడి మాట వినాల్సింది. నేను పెట్టె విప్పి, గట్టిగా బిగుసుకున్న మరను తిప్పబోతే స్క్రూడ్రైవరు జారి గరాటులోంచి నేరుగా అవతలికి దిగింది. ఇద్దరం ఆ చిల్లును చూస్తూ కూర్చున్నాం.

"గ్రాండ్" అన్నాడు ఆయన చాలాసేపటికి. ఆ మాటకు ఇంకా ఎన్ని అర్థాలున్నాయో ఆ రోజు తెలిసింది.

ఖాళీ అయిన పెట్టెను మా ఆవిడ వెంటనే అడిగి తీసుకుంది. పైన మెత్త కుట్టించి గుమ్మం లోపల పెట్టింది. వచ్చినవాళ్లు దానిమీద కూర్చుని బూట్లు విప్పుకుంటారు, ముందున్న కన్నంలో చెప్పులు పెట్టుకుంటారు. ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆ పెట్టెను మెచ్చుకుంటారు. నా చేతిపనుల్లో ఇప్పటివరకూ మెప్పు పొందింది అదొక్కటే, అదీ నేను చెడగొట్టిన తర్వాత.

షెడ్డులో ఇప్పుడు ఒకటే స్పీకరు. బ్యాండులో సగం బాకాలు అందులోంచి వస్తాయి. మిగతా సగం పెద్దాయన బుగ్గలు పూరించి నోటితో వాయిస్తాడు. నేను గడ్డికోసే యంత్రం మూత మీద దరువు వేస్తాను. ఆంప్లిఫయరు వెనక ఉన్న చిన్న మీట ఒకటి జరిపితే రెండు వైపుల సంగీతమూ ఒకే స్పీకరులోంచి వస్తుందని ఈ మధ్యే ఎక్కడో చదివాను. ఆయనకు చెప్పలేదు.